గంగలో వదిలిన హెడ్‌ఫోన్లు

కాశీకి పోయినవాళ్లు వంకాయ వదిలేసి వస్తారు, జామపండు వదిలేసి వస్తారు. నేను హెడ్‌ఫోన్లు వదిలేసి వచ్చాను. రైల్లో మర్చిపోయి కాదు, ఎవరో కొట్టేసీ కాదు. గంగలో మోకాలి లోతున నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, శాస్త్రోక్తంగా వదిలేశాను. నా తెలివితక్కువతనం ఎంతటిదంటే, వదలబోతున్నానన్న సంగతి నీళ్లలో దిగేదాకా నాకే తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం బోలెడుమంది. మా ఆవిడకు తెలుసు, వాళ్ల అక్కకు తెలుసు, అక్క మొగుడికి తెలుసు, మా ఇంటికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే మా కొత్తవాడ పేటలో సగం మందికి తెలుసు.

మా వరంగల్ వైపు 'తెలివి కావడం' అంటే మెలకువ రావడం. ఆ లెక్కన నాకు రాత్రిళ్లు తెలివి మరీ ఎక్కువ. పగలు అంతకు అంత తక్కువ.

కథంతా పడక మీదే జరిగింది కాబట్టి నా నిద్ర గురించి ముందు చెప్పాలి. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు ఉండేవి. మావాళ్లు సాంచాలంటారు. షెడ్డుకూ నేను పడుకునే గదికీ మధ్య ఒకటే గోడ. సాంచా చప్పుడును పుస్తకాల్లో 'టకటక' అని రాస్తారు. అది బాగా చదువుకున్న సాంచా అయి ఉంటుంది. మావి నాలుగూ కలిసి రేకుల మీద రాళ్లు దొర్లించినట్టు మోగేవి. నాకు జోలపాట ఎవరూ పాడలేదు. పాడినా వినపడేది కాదు. నూలు మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు కొట్టుకుంటూ పోతుంటే దాని వెంబడే వెళ్లి నిద్రలో పడేవాణ్ణి.

సాంచాలు నడిపేవాళ్ల నిద్రకు ఒక పద్ధతి ఉంది. చప్పుడుకు పడుకుంటారు, చప్పుడు ఆగితే లేస్తారు. ఆగిందంటే పోగు తెగినట్టు, లేదా కండెలో నూలు అయిపోయినట్టు, లేదా కరెంటు పోయినట్టు. మా బాపు, అంటే మా నాన్న, షెడ్డు గుమ్మం దగ్గర మంచం వేసుకుని గురకపెట్టేవాడు. నాలుగింటిలో ఒక్కటి ఆగితే చాలు, గురక మధ్యలో తెగేది. కళ్లు తెరవకుండానే "గోడ దిక్కుది" అనేవాడు. పోయి చూస్తే గోడ దిక్కుదే. ఆ విద్యలో సగం నాకూ వచ్చింది. లేవడం వచ్చింది, తెగిన పోగుకు ముడి వేయడం రాలేదు. అందుకే ఫిజిక్స్ చదివి, జూనియర్ కాలేజీలో పిల్లలకు ధ్వని పాఠం చెప్పుకుని బతుకుతున్నాను.

షెడ్డు నాకు ఇంకో విద్య కూడా నేర్పింది. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అయినా మర్యాద మర్యాదే కదా. ఎవరేమన్నా తలూపి "ఊఁ" అంటారు. చిన్నప్పుడు ఒకసారి నేను "ఏందీ? ఏందీ?" అని ఒక పెద్దమనిషిని మళ్లీ మళ్లీ అడిగితే బాపు బయటికి తీసుకొచ్చి చెప్పాడు.

"ఇనవడకుంటె మల్ల అడగద్దు బిడ్డా. ఆయిన మల్ల గొంతు చించుకోని ఒర్రాలె. నువ్వు ఊఁ అను. ఆయిన చెప్పేది చెప్పుకుంటడు, మన పని మనం జేసుకుంటం."

ఎంత గొప్ప ఉపదేశం! షెడ్డు వరకు అది అమృతం. పడకగదిలోకి తెచ్చుకున్నాక ఏమైందో ముందుంది.

సాంచాలు పోయాయి. గిట్టుబాటు కావడం లేదని బాపు ఒక పొద్దున పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాడు, అవి ట్రాలీ ఎక్కాయి. షెడ్డు ఖాళీగా ఎందుకని మా ఆవిడ అక్కడ జాకెట్ల మీద మగ్గం వర్క్ మొదలుపెట్టింది. ఇంట్లోంచి మగ్గాలు పోయి మగ్గం వర్క్ వచ్చిందన్నమాట. పేరులో మగ్గం ఉంది గానీ ఏం లాభం, సూదికి చప్పుడుండదు. జర్దోసీ దారం గుడ్డలోకి దిగుతుంటే చీమ కూడా తలతిప్పి చూడదు. ఆ నిశ్శబ్దంలో మంచం మీద వెల్లకిలా పడుకుని, 'నాలుగూ ఒకేసారి ఆగినయేంది' అనుకుంటూ మాటిమాటికీ లేచి కూర్చునేవాణ్ణి. బాపుకు ఆ ఫికర్ లేదు. అప్పటికే చెవులు సాంచాలకు అర్పించేశాడు. ఎప్పుడూ ఆయన తలలో ఏదో ఒక సాంచా నడుస్తూనే ఉంటుందట.

హెడ్‌ఫోన్లు కొందామని హన్మకొండ చౌరస్తాలో ఒక షాపుకు పోయాను.

"సార్, ఇది తీసుకోండి. నాయిస్ క్యాన్సలేషన్. బయటి చప్పుడు ఒక్కటి లోపలికి రాదు" అన్నాడు షాపాయన.

"నాకు చప్పుడే గావాలె భాయ్."

"పాటలు మంచిగ వస్తయి సార్. చప్పుడు రాదు."

"చప్పుడు రాకుంటె నిద్ర రాదు."

ఆయన నన్ను ఒకసారి, నా చెవులను ఒకసారి చూశాడు. "అయితె గీ చవుకది తీసుకోండి. అండ్ల పాటకంటె గరగర ఎక్కువుంటది."

నా అవసరాన్ని అంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి మళ్లీ తగల్లేదు. ఆ చవుకదానికి తీగలుండేవి. పొద్దున లేచేసరికి అవి మెడ చుట్టూ, చెయ్యి చుట్టూ, ఒక్కోసారి మా ఆవిడ గాజుల చుట్టూ తిరిగి ఉండేవి. "పడుగు చిక్కువడ్డట్టు చిక్కువడ్డవేందిరా" అని బాపు విప్పేవాడు. మగ్గం మీది చెయ్యి కదా, ఒక్క లాగుకు విడిపించేవాడు. తర్వాత తీగల్లేనివి కొన్నాను, చెవులు మొత్తం మూసేసే డిప్పలవి. పక్కకు తిరిగి పడుకుంటే ఒక చెవి అప్పడమయ్యేది. అయినా నిద్ర వచ్చేది.

ఒక్కటే చిక్కు. పాట అయిపోతే తెలివయ్యేది. పాటకూ పాటకూ మధ్య చిటికెడు ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీలో లేచి కూర్చుని, ఏది ఆగిందా అని గోడ దిక్కు చూసేవాణ్ణి. మనం నిద్రపోయాక పాట దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఫోనులో ఉంది. లోకమంతా దాంతో నిద్రపోతుంది, నేను దాంతో నిద్రలేచాను. చివరికి మొదలూ తుదీ ఒకలాగే ఉండే పాట ఒకటి దొరికింది. దాన్ని తెల్లవార్లూ తిరిగేలా పెట్టుకున్నాను. ఏ పాటో చెప్పను. అన్నిసార్లు విన్నాక ఆ గాయకుణ్ణి నేను ఇంటి మనిషి కింద లెక్కవేసుకుంటున్నాను, ఇంటి మనిషిని బజారున పెట్టకూడదు.

అలా నేను సుఖంగా ఉన్న రోజుల్లోనే నా అవివేకం వేళ్లు తన్నింది. మా ఆవిడ పగలంతా మగ్గం ముందు తల వంచుకుని పనిచేస్తుంది. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తమ ఇళ్ల సంగతులన్నీ విప్పుతారు. ఆమె కళ్లు సూది మీద, చెవులు వాళ్ల మీద. ఆ పోగుచేసుకున్నదంతా రాత్రి పడక మీద నాకు చెప్పాలి. అదే వేళకు నేను డిప్పలు మూసుకుంటాను. దీపం ఆర్పాక ఆమెకు నా చెవులు కనపడవు, నాకు ఆమె మాట వినపడదు. ఆమె నావైపు తిరిగిందన్న అనుమానం వస్తే చాలు, షెడ్డు మర్యాద నా నోట్లోంచి దానంతటదే వచ్చేది. "ఊఁ."

ఒక రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి ముందుగది గోడలు చిలకపచ్చగా ఉన్నాయి. పెయింటర్ రెండో కోటింగ్ వేస్తున్నాడు.

"ఇదేందే?"

"మీరే ఊఁ అన్నరు" అంది మా ఆవిడ.

ఇంకోసారి నా పుస్తకాల బీరువాలో పూసల డబ్బాలు కనిపించాయి, పుస్తకాలు బాపు మంచం కింద ఉన్నాయి. అడిగితే అదే జవాబు. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు పోతానని కూడా నేనే ఒప్పుకున్నానట, మా ఆవిడ బూట్లు కూడా కొనిపెట్టింది. మా ఇంట్లో నా ఊఁకు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్రంత విలువ వచ్చేసింది.

'నాకు వినపడలేదే' అని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా అంటారు మీరు. ఎప్పటి నుంచి వినపడలేదని ఆమె అడుగుతుంది. అప్పుడు ఇన్నేళ్ల రాత్రులకు జవాబు చెప్పాలి. గోడ రంగు మారితే మళ్లీ వేయించుకోవచ్చు, మా ఆవిడ మొహం రంగు మారితే ఏ పెయింటర్‌ను పిలవను? ఊఁ అంటూ పోయాను.

అలా పోయి పోయి కాశీలో తేలాను.

కాశీకి మేమిద్దరం, మా ఆవిడ అక్క, ఆమె భర్త వెళ్లాం. నాకు ఆమె వదిన, ఆయన సడ్డకుడు. కాశీకి పోతే ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలి రావాలని మావాళ్ల నియమం. వస్తువును నీళ్లలో పడేయనక్కర్లేదు, పేరు చెప్పి నీళ్లు వదిలితే చాలు, కానీ వదిలిందాన్ని మళ్లీ ముట్టకూడదు. నియమం ఎంత గట్టిదో మనుషులూ అంత గట్టివాళ్లు, అందుకని ఎన్నడూ తిననిదాన్ని ఏరుకుని మరీ వదులుతారు. సడ్డకుడు రైల్లోనే నా చెవిలో చెప్పాడు.

"తమ్మీ, నేను పొట్లకాయ వదులుతాన. పెండ్లైన కాన్నుంచి పొట్లకాయ దిక్కు సూడలే. నువ్వు?"

"క్యాబేజీ" అన్నాను. మా ఇంట్లో క్యాబేజీ మనుషులు లేరు.

ఘాట్ దగ్గర మన తెలుగు పంతులుగారే దొరికారు. సడ్డకుడు కళ్లు మూసుకుని పొట్లకాయను వదిలాడు, పుత్రశోకం కలిగినంత మొహం పెట్టాడు. వదిన కంద వదిలింది. మా ఆవిడ సోరకాయ వదిలింది. సోరకాయ వాసన ఆమెకు పడదు, మా ఇంటి గడప అది ఎప్పుడూ తొక్కలేదు. పంతులుగారు నావైపు తిరిగారు.

"మీరేం వదులుతున్నారు బాబూ?"

క్యాబేజీలో 'క్యా' దాకా వచ్చాను.

"హెడ్‌ఫోన్లు, పంతులుగారూ" అంది మా ఆవిడ.

"అదేం దుంపమ్మా?"

"దుంప గాదు. పండుకునేటప్పుడు చెవులకు పెట్టుకునేటియి, పాటలకు. ఈయినకు పాణం."

"అంత ఇష్టమా?"

"నాకంటె ఎక్కువ."

పంతులుగారి మొహం వెలిగిపోయింది. "ఇన్నేళ్లకు ఒక్కరు దొరికారమ్మా నిజంగా ఇష్టమైనది వదిలేవారు! అందరూ కాకరకాయ వదిలి గంగమ్మనూ నన్నూ మభ్యపెట్టేవాళ్లే. పట్టండి బాబూ, నీళ్లు పట్టండి."

సడ్డకుడు పొట్లకాయంత ముఖం వేలాడేశాడు.

"నేనెప్పుడు ఒప్పుకున్ననే?" అన్నాను గొంతు తగ్గించి.

"టికెట్లు తీసుకున్న రోజు. పండుకున్నంక మంచిగ అడిగిన. గంగల హెడ్‌ఫోన్లు వదులుతరా అంటె ఊఁ అన్నరు. నిజంగనా అంటె మల్ల ఊఁ అన్నరు. నమ్మకం కుదరక అక్కకు ఫోన్ జేసి స్పీకర్ పెట్టి మల్లోపాలి అడిగిన."

"నేను ఇన్న మరిదీ" అంది వదిన తడి కొంగు పిండుకుంటూ. "మంచిగ, గట్టిగ అన్నవు. నా మొగడు గిట్ల ఒక్కనాడన్న అనడాయె అని ఆ రాత్రి బాధపడ్డ గూడ."

అప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. హెడ్‌ఫోన్లు వదలాలి, లేకపోతే గంగలో నిలబడి 'నీ మాట నేను ఏనాడూ వినలేదే' అని ఒప్పుకోవాలి. ఒకటి వదిలితే నిద్ర పోతుంది. రెండోది ఒప్పుకుంటే నిద్ర ఎక్కడ పోవాలో కూడా వెతుక్కోవాల్సి వస్తుంది. లోకమంతా పాపం కడుక్కునే చోట నేను పాపం దాచుకున్నాను. నీళ్లు వదిలి ఒక మునక వేశాను.

"నా మనసుల మాట కాదనలే. ఎంత మంచోల్లండి మీరు" అంది మా ఆవిడ. కళ్లు చెమ్మగిల్లాయి. అవి గంగనీళ్లు అనుకుందామంటే తల ముంచింది నేను, ఆమె ఇంకా ముంచలేదు.

వరంగల్ తిరిగి వచ్చాక హెడ్‌ఫోన్లు ఆమె జరీ కండెల పెట్టెలోకి పోయాయి, నా నిద్ర వాటితో పాటే పోయింది. ఫ్యాను చప్పుడుకు పడుకుందామంటే మాది కొత్త ఫ్యాను, దొంగలా తిరుగుతుంది. కాలేజీకని మడికొండ దాకా పోయే బస్సులో మాత్రం సీటు దొరికిందా, కండక్టర్ టికెట్ చింపేలోపు నిద్ర పట్టేది. స్టాపులో డ్రైవర్ ఇంజన్ ఆపగానే లేచి "ఏది ఆగింది?" అని పక్కాయన భుజం పట్టుకునేవాణ్ణి. "బస్సు సార్" అని ఓపికగా చెప్పేవాళ్లు.

పరీక్షల డ్యూటీలో ఇంకా బాగా జరిగింది. ఆ హాల్లో పాత ఫ్యాను ఒకటి ఉంది, అచ్చం మా గోడ దిక్కు సాంచాలా కొట్టుకుంటుంది. కుర్చీలో కూర్చోవడమే నాకు గుర్తుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నేను దిగ్గున లేచి "పోగు తెగింది!" అని అరిచాను. పిల్లల ఒళ్లోంచి చీటీలు జలజల రాలాయి. అన్ని కాపీలు ఒక్క అరుపుతో పట్టుకున్న ఇన్విజిలేటర్ లేడని ప్రిన్సిపల్ గారు మెచ్చుకున్నారు. నిద్రపోయినందుకు మెచ్చుకోలు పొందినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంట్లో మాత్రం మా ఆవిడ మహా సంతోషంగా ఉంది. దీపం ఆర్పాక నా చెవులు రెండూ ఖాళీగా ఆమెకు దొరికాయి. మొదటిసారి ఆమె మాటలు పూర్తిగా విన్నాను. విని, ఇన్నేళ్లూ ఎంత పోగొట్టుకున్నానో అనుకున్నాను. పిండిమర వీధిలో ఒకావిడ చెల్లెలి పెళ్లి జాకెట్టుకు నెమలి కుట్టమందట. నెమలి సగమయ్యాక ఆవిడ అత్తగారు వచ్చి, నెమలి వద్దు, ఏనుగే శుభం అందట.

"అయితె ఇప్పేసినవా?" అన్నాను.

"జరీ ఇప్పుతె గుడ్డ ఖరాబైతది. నెమలి తోకనే తొండం జేసిన."

"మరి నెమలి కాళ్లు?"

ఆమె చీకట్లో లేచి కూర్చుంది. ఇన్నేళ్లలో దీపం ఆర్పాక ఊఁ తప్ప ఇంకో మాట నా దగ్గర్నుంచి రావడం అదే మొదలు. "మీరు ఇంటాండ్రా?" అంది. ఆ గొంతులోని సంబరానికి నేను దుప్పటిలో ముఖం దాచుకున్నాను.

ఆమె గొంతు సన్నగా, ఒకే తీరుగా, ఎక్కడా తెగకుండా సాగుతుంది. నెమలి కాళ్లు ఏనుగు గజ్జెలు అయ్యాయో లేదో నాకు తెలియదు, నిద్ర పట్టేసింది. కాసేపటికి ఆమెకూ నిద్ర పట్టింది, మాట ఆగింది. ఆగగానే నేను లేచి కూర్చున్నాను.

"ఆపినవేందే? ఏనుగు ఏమైంది?"

"ఏ ఏనుగు?" అంది ఆమె నిద్రలో. కానీ చెప్పింది. నేను పడుకున్నాను. ఆమె పడుకుంది. నేను లేచాను. "అత్తగారు ఏమన్నది?"

అమ్మతోడు, మొదట్లో కావాలని చేసింది కాదు. అది రక్తంలోంచి వచ్చింది. కానీ రెండు మూడు రోజులకు ఆమె కళ్ల కింద నల్ల చారలు చూశాక, ఇందులో న్యాయం ఏదో ఉందని నాకు తోచింది. ఇక ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

పొద్దున చాయ్ దగ్గర ఆమె బాపు చెవి దగ్గరికి పోయి అరిచి చెప్పుకుంది. "మామా! మీ కొడుకు రాత్రంత నన్ను లేపుతాండు! కథ చెప్పు, కథ చెప్పు అంటాండు! నేను కన్నంటుకుంటె సాలు, దిగ్గున లేస్తాండు!"

బాపు చాయ్ ఊదుకుంటూ ఆలోచించాడు. "నువ్వు ఆగుతె లేస్తడు బిడ్డా. సాంచ నడిచినంత సేపు పండుకుంటడు. ఆగనియ్యకు."

"నేను మనిషినా, సాంచనా?"

బాపుకు అది వినపడలేదు. "ఊఁ" అన్నాడు.

ఆ రాత్రి ఆమె జరీ పెట్టె తెరిచి హెడ్‌ఫోన్లు తెచ్చి నా దిండు మీద పెట్టింది. "పెట్టుకోండ్రి. గంగమ్మకు నేను చెప్పుకుంట."

నేను లేచి కూర్చుని రెండు చేతులూ జోడించాను. "అట్లెట్ల? గంగల మాటిచ్చిన. నీకే గద, కండ్లల్ల నీళ్లు తిరిగినయి?"

"ఏం గాదు. అక్క కనుక్కున్నది. చిన్న పూజ జేసుకుంటె సరిపోతదట."

"మీ అక్క అంటది. కంద వదిలిన మనిషి, ఆమెకేమెరుక త్యాగం? సరే గని, ఆ పిండిమర ఆమె చెల్లె పెండ్లి అయ్యిందా?"

అంతటి భక్తి నాలో ఉందని నాకే తెలియదు. మర్నాడు మళ్లీ బతిమాలింది, నేను మళ్లీ దండం పెట్టాను. ఆ మర్నాడు ఆమె బతిమాలలేదు. హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకే పెట్టుకుంది, నా ఫోను లాక్కుని పాట పెట్టుకుంది, గోడ వైపు తిరిగింది. నేను ఎంత లేపినా వినపడకుండా ఉండాలని.

నేను యథాప్రకారం ఏదో అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. కాసేపయ్యాక ఆమె మెల్లగా ఒక డిప్ప ఎత్తి, మళ్లీ మూసి, మళ్లీ ఎత్తింది. దీపం వెలిగింది.

"మీరు ఇప్పుడు ఏమన్న అన్నరా?"

"అన్న."

"గివి పెట్టుకుంటె బయటిది ముక్క ఇనవడ్తలేదు."

నేను పైకప్పు వైపు చూశాను. గంగలో దాచిన పాపం పచ్చగోడల మధ్య తేలింది.

"అంటె నేను చెప్పినయి..." అంది.

"ఊఁ."

"ఎప్పటి సంది?"

"పచ్చరంగు కంటె ముందు సంది."

ఆమె పూర్తిగా నావైపు తిరిగింది. దిండు వస్తుందనుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. దిండు రాలేదు, నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్నేండ్లు నేను గోడకు చెప్పుకున్ననా! గందుకేనా, నడకకు పొమ్మంటె గూడ ఊఁ అన్నరు! మీకు సిగ్గు లేదు, నాకు బుద్ధి లేదు." కళ్లు తుడుచుకుని డిప్పలు మళ్లీ పెట్టుకుంది. "ఇగ ఇయ్యాల సంది మీరు చెప్పుండ్రి. ఊఁ అనుడు నా వంతు. తెలుస్తది, గోడకు చెప్పుకునుడు ఎట్లుంటదో."

దీపం ఆర్పింది. నేను మాటకొకసారి ఆమె భుజం తట్టి చెప్పడం మొదలుపెట్టాను. కాలేజీ సంగతి చెప్పాను. "ఊఁ" అంది. బస్సు సంగతి చెప్పాను. "ఊఁ." ఫ్యాను బాగాలేదన్నాను. "ఊఁ." ప్రతి ఊఁలోనూ నన్ను ఏడిపించాలన్న పట్టుదల స్పష్టంగా వినిపిస్తోంది. దాని కింద, ఆమె చెవులకూ డిప్పలకూ మధ్య సందులోంచి, నా పాట చీమంత గొంతుతో బయటికి కారుతోంది. మొదలూ తుదీ లేని పాట, తెల్లవార్లూ ఆగని పాట. నేను వదిలినవి నా చెవుల మీదివి. ఆమె చెవుల మీదివి నేను గంగకు ఇవ్వలేదు. కళ్లు బరువెక్కాయి.

పడుకునే ముందు ఒక్క పని మిగిలింది. మా ఆవిడ సోరకాయ వదిలిన మనిషి. ఆమెకు నిజంగా ప్రాణమైనది చాయ్, పొద్దున ఒకటి, పదింటికి ఒకటి, మగ్గం ముందు లెక్కలేనన్ని. నేను ఆమె ఫోను తీసుకుని వదినకు కలిపాను. సీరియల్ చూసి ఇంకా పడుకోలేదు ఆమె. స్పీకర్ పెట్టాను.

"వచ్చే సారి గయకు పోదామానే?" అన్నాను మంచిగా, నెమ్మదిగా.

"ఊఁ."

"ఆడ గూడ ఇష్టమైనదొకటి వదలాలెనట. చాయ్ వదులుతవా?"

"ఊఁ."

"నిజంగనా?"

"ఊఁ" అంది మా ఆవిడ గోడ వైపు తిరిగి, నన్ను భలే ఏడిపిస్తున్నానన్న తృప్తితో.

"వదినా, ఇన్నవా?"

"ఇన్న మరిదీ" అంది వదిన. "మంచిగ, గట్టిగ అన్నది."